నూటపన్నెండో వరుస

కిసుములో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద గది మాది.
కింద ఒకెచ్ ట్యూబుల్ని నీళ్ళ తొట్టిలో ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని కాచుకుని ఉంటాడు.
పైన నేను చేసేదీ ఆ పనే.

పొద్దున్నే మూడు ఫోన్లూ ఛార్జింగుకి పెట్టి
రాత్రి పుట్టిన పుకార్లను పట్టికలోకి దించుతాను.
తేదీ. భాష. ఏ గ్రూపు. ఎన్ని చేతులు మారింది.
చివరి గడిలో తీర్పు:
నిజం, అబద్ధం, సగం సగం.

మాత్రలు కడుపులో కరగవట,
గులకరాళ్ళై పేరుకుంటాయట.
సూదిమందు వేయించుకున్న తల్లి పాలు తాగితే
బిడ్డకు మాటలు రావట.
చేతిలో పెట్టిన పుల్ల
నెత్తుట్లో ఈదుకుంటూ గుండెకు చేరుతుందట.
ఈ అటలన్నీ తోడబుట్టినవే,
గొంతులు ఒకదానికొకటి అరువిచ్చుకుంటాయి.

మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత కొన్నాళ్ళు కోపం.
ఇప్పుడు పాలపద్దు రాసినట్టు రాసుకుపోతున్నాను.

నూటపన్నెండో వరుస. ఆడగొంతు. నలభై ఒక్క సెకన్లు.
వెనకాల ఎక్కడో మేక అరుస్తోంది.
"నా చేతిలో పెట్టింది పుల్ల కాదే, కత్తి.
నెలన్నరగా కోస్తూనే ఉంది."

మా దాకా వచ్చేసరికి దాని వేషమే వేరు.
కింద ఏడుపు సంగీతం, పైన నెత్తుటి కత్తి బొమ్మ,
చనిపోయిన అమ్మాయంటూ ఒక ఫొటో.
ఫొటోలోని మనిషి ఏదో దేశంలో పాటలు పాడుకుంటూ
నిక్షేపంగా ఉంది.

వెనక్కి నడిచాను.
మతాతు డ్రైవర్ల గ్రూపులో సంగీతం రాలిపోయింది.
దర్జీల చీటీపాట గ్రూపులో చావు రాలిపోయింది.
చర్చి గాయకుల దగ్గర కత్తి బొమ్మా పోయి
ఒట్టి గొంతు మిగిలింది, మేకతో సహా.

ఎంబిటాలో, సరస్సు ఒడ్డున,
వల మీద ఆరబోసిన ఒమెనా చేపల పక్కన
కొంగల్ని అదిలిస్తూ కూర్చుని ఉంది అకేయో.
నా మెడలో కార్డు చూసి
ఆసుపత్రి మనిషిననుకుంది.
"ఇప్పుడా రావడం?" అంది.

రెండుసార్లు వెళ్ళిందట.
ఒకసారి నర్సు సెలవు.
ఒకసారి, కాగితం మీంచి తలెత్తకుండానే
సర్దుకుంటుంది పొమ్మన్నారు.
మూడోసారికి దారిఖర్చు లేదు.
పాత గుడ్డలు చింపుకుంటూ,
తెల్లారి పడవలకు ఎదురు నీళ్ళలోకి దిగలేక
బేరమంతా పక్కవాళ్ళకు వదులుకుంది.
"మా చెల్లికి చెప్పుకున్నాను. దానికొక్కదానికే."

నా ఫోనులో జవాబు తయారుగానే ఉంది.
పచ్చరంగు కార్డు, మూల నవ్వు మొహం:
పుల్ల ఎక్కడికీ పోదు, పెట్టినచోటే ఉంటుంది.
ప్రతి అక్షరమూ నిజమే.
చదివి తిరిగి ఇచ్చేసింది.
"నేను అడిగింది ఇది కాదుగా."

అప్పుడు ఫోను పక్కన పెట్టి చెప్పాను.
కొందరికి ఇలా రక్తం పోతుంది, నీ తప్పు కాదు.
ఇన్నాళ్ళు పోతే చూపించుకోవాల్సిందే, మందుంది.
వద్దనుకుంటే తీయించుకోవచ్చు, అది నీ హక్కు,
కారణం కూడా చెప్పక్కర్లేదు.
రేపు నేను తోడొస్తాను.

కొంగ ఒకటి వల మీద వాలింది. తను అదిలించలేదు.
"దీనికెంతసేపు పట్టింది నీకు?"

నలభై సెకన్లు కూడా పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో
గుర్రపుడెక్క ఇంజనుకు చుట్టుకుని పడవ ఆగింది.
సరంగు వంగి మోచేతుల దాకా ముంచి
ఒక్కొక్క తీగే లాగాడు.
ఎవరూ తొందరపెట్టలేదు.

ఆఫీసుకొచ్చి ఆ వరుస తెరిచాను.
నిజం కాదు. అబద్ధమనడానికి చెయ్యి రాలేదు.
సగం సగం అంటే ఏ సగం?
పక్కన కొత్త గడి గీసి రాశాను:
ఎవరూ తలెత్తి చూడలేదు.

మర్నాడు నైరోబీ నుంచి కబురు.
పట్టిక బాగుందట. శ్రమ కనిపిస్తోందట.
ఆ గడి మాత్రం తీసెయ్యాలట,
అది ఉంటే లెక్క కలవదట.